సుభద్రగారిచ్చిన స్కిప్ బటన్

2023 వసంతకాలం. న్యూజెర్సీలో ఐసెలిన్‌కి దగ్గర్లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇండియా చానళ్ళని ఇంటర్నెట్ ద్వారా అమెరికాలో ఇళ్ళకి చేర్చే సెట్‌టాప్ బాక్స్ మాది. హైదరాబాదులో సాయంత్రం వచ్చే సీరియల్ ఇక్కడ అందరూ ఆఫీసులకి పరిగెత్తే వేళకి వస్తుంది కాబట్టి అప్పుడు ఎవరూ చూడరు. బాక్స్‌లో డీవీఆర్ ఉంటుంది, అంటే ప్రసారాన్ని రికార్డు చేసి దాచిపెట్టే భాగం. అది పట్టి ఉంచినదాన్ని సాయంత్రం అన్నాలు తింటూ చూస్తారు. మా వ్యాపారమంతా ఆ అన్నాల వేళ మీదే నడిచేది.

నాకు ప్రకటనలంటే ఒళ్ళుమంట. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే మా మేనేజర్ మార్క్ ఒకరోజు పిలిచి, రికార్డు చేసిన ప్రోగ్రాముల్లో ప్రకటనలు వాటంతటవే ఎగిరిపోవాలి, ఆ పని నువ్వు చేస్తావా అని అడిగితే ఎగిరి గంతేశాను. దీన్ని మా పనిలో ఆటో స్కిప్ అంటారు. చూసేవాళ్ళు రిమోట్ ముట్టుకోనక్కర్లేదు. బ్రేక్ రాగానే బాక్సే దాన్ని దాటేసి మళ్ళీ కథలోకి తీసుకెళ్ళిపోతుంది.

ఈ దేశంలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. చాలా ఏళ్ళ కిందటే ఒక కంపెనీ తన రికార్డర్లో ఇలాంటిది పెడితే పెద్ద పెద్ద చానళ్ళు కోర్టుకెళ్ళాయి. తర్వాత ఒక శాటిలైట్ కంపెనీ పెడితే మళ్ళీ కోర్టే. చివరికి కొన్ని చానళ్ళతో రాజీ కుదిరి, ప్రసారమైన కొన్ని రోజులదాకా స్కిప్ పనిచెయ్యకూడదని ఒప్పందం చేసుకున్నారు. మాతో ఉన్నవి చిన్న చానళ్ళు, లాయర్లని పెట్టుకునే స్తోమత లేనివి. ఆ ధైర్యంతోనే మావాళ్ళు దిగారు.

యంత్రానికి ఏది కథో ఏది ప్రకటనో తెలియదు. దానికి గుర్తులు నేర్పాలి. కథకీ ప్రకటనకీ మధ్య తెర ఒక్క క్షణం నల్లగానో తెల్లగానో అవుతుంది. ప్రకటనలో శబ్దం ఒక్కసారిగా పెరుగుతుంది. అన్నిటికంటే పెద్ద గుర్తు, ప్రకటన మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక బొమ్మల వరస రోజుకి పదిసార్లు కనపడితే అది కథ కాదు, ప్రకటనే. ఈ సూత్రాలతో అమెరికన్ ప్రోగ్రాముల మీద పరీక్షించి చూస్తే మా యంత్రం చక్కగా పనిచేసింది. ధీమాగా తెలుగు చానల్ మీదికి వదిలాం.

ఆ వారమే సీరియల్లో అత్త కోడల్ని చెంపదెబ్బ కొట్టింది.

తెలుగు సీరియల్ చూసేవాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. ఆ దెబ్బని మూడు వైపుల నుంచి మూడుసార్లు చూపించారు. కొట్టినప్పుడల్లా తెర తెల్లగా మెరిసింది. పిడుగు పడ్డంత శబ్దం వచ్చింది. తర్వాత ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి మొహం మీదికీ కెమెరా మూడేసిసార్లు దూకింది. మర్నాడూ, ఆ మర్నాడూ కోడలు ఏడుస్తూ అదే దెబ్బని తలుచుకుంది. నేను నేర్పిన గుర్తులన్నీ అందులో ఉన్నాయి. మా యంత్రం ఆ చెంపదెబ్బని ప్రకటన అనుకుని మింగేసింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్లే ఫోన్లు. వర్జీనియాలో ఆష్‌బర్న్ నుంచి ఒక పెద్దావిడ, "అమ్మా, ఆ పిల్ల చెంప పట్టుకుని ఏడుస్తోంది. కొట్టింది అత్తా, ఆడపడుచా? అది చెప్పు చాలు" అని అడిగారు. ఇంకొకాయన మాత్రం సీరియల్ పావుగంటలో అయిపోతోందని, ఇలాగే కొనసాగించమని మెచ్చుకున్నాడు. మార్క్‌కి ఇదంతా చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒకే దెబ్బని మూడుసార్లు ఎందుకు చూపిస్తారని అడిగాడు.

మూడోరోజు ఆ చానల్ అమెరికా విభాగం చూసే సుభద్రగారు నేరుగా మా ఆఫీసుకే వచ్చారు. వరంగల్ ఆవిడ, నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. ఇండియా నుంచి వచ్చే ప్రసారంలో అక్కడి ప్రకటనలు తీసేసి, వాటి చోట ఇక్కడి నగల షాపులు, కిరాణా కొట్లు, ఇమ్మిగ్రేషన్ లాయర్ల ప్రకటనలు పెట్టడం ఆవిడ విభాగం పని. అంటే నేను ఎగరగొడుతున్నది ఆవిడ అన్నాన్నే. గొడవకి సిద్ధపడి కూర్చున్నాను.

"మాధవిగారూ, మీ బాక్స్ మా అత్తను మంచిదాన్ని చేసింది. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. రైటర్‌కు తెలిస్తె ఏడుస్తడు" అని నవ్వుతూ కుర్చీ లాక్కున్నారు.

"మీరు తిడతారనుకున్నానండీ."

"తిడ్తే మీ మిషన్ నేర్చుకుంటదా? ముందు అది ఎట్ల గుర్తుపడ్తదో చూపెట్టండి."

చూపించాను. ఆవిడ ప్రతి గుర్తునీ ఆపి ఆపి అడిగారు. మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళు కూడా అంత శ్రద్ధగా అడగరు. అంతా అయ్యాక కాఫీ తాగుతూ అసలు సంగతి చెప్పారు.

"మా యాడ్స్ ఎవరు చూస్తలేరని బయట తెలిసిపోయింది. జువెలరీ షాపాయన నిన్న మానేసిండు. సమ్మర్ అయిపోంగనె హైదరాబాద్ హెడ్డాఫీసోళ్ళు డిసైడ్ చేస్తరు, ఇక్కడ మా టీం ఉంచాల్నా, తీసెయ్యాల్నా అని. నలుగురం ఉన్నం. నాకు గ్రీన్ కార్డ్ ఉన్నది, ఇంకేదన్న చూస్కుంట. మా ఎడిటర్ నవీన్ హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నడు. జాబ్ పోతే అరవై రోజుల్ల ఇంకో స్పాన్సర్ దొరకాలె, లేకుంటే ఇండియా పోవాలె. మొన్ననే బిడ్డ పుట్టింది."

నన్ను నిందిస్తున్నట్టు అనలేదు. ట్రాఫిక్ సంగతి చెప్పినట్టు చెప్పారు. నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఆ వీసా మీద నేనూ చాలా ఏళ్ళు ఊపిరి బిగబట్టి బతికినదాన్నే.

చెంపదెబ్బని కాపాడదామని నేను సూత్రాలు సడలించాను. ఇప్పుడు చెంపదెబ్బతోపాటు పచ్చళ్ళ ప్రకటన కూడా వచ్చేసింది. మళ్ళీ బిగించాను. ఈసారి పెళ్ళిచూపుల సీనులో సగం పోయింది. గోకిన కొద్దీ కోతిపుండు బ్రహ్మరాక్షసి అయినట్టు తయారైంది నా పని. చివరికి మార్క్ ఒక దారి చెప్పాడు. ఇండియా నుంచి వచ్చే ప్రసారంలో బ్రేక్ మొదలయ్యే చోటా, అయిపోయే చోటా కంటికి కనపడని ఒక డిజిటల్ గుర్తు ఉంటుంది. దాన్ని క్యూ అంటారు. సుభద్రగారివాళ్ళు తమ ప్రకటనలు పెట్టుకునేది అది చూసే. మా యంత్రం కూడా దాన్నే చదివితే ఇక పొరపాటుకి తావుండదు. అయితే ఆ గుర్తుని స్కిప్ కోసం వాడకూడదని చానల్‌తో మా ఒప్పందంలోనే ఉంది.

"పర్మిషన్ అడుగు" అన్నాడు మార్క్.

దొంగ చేతికి తాళాలిమ్మని ఇంటివాళ్ళనే అడగమన్నట్టు ఉంది. ఫోన్ చేసి నసుగుతూ అడిగాను. సుభద్రగారు అంతా విని తన షరతులు చెప్పారు.

"ఇస్త. కానీ ఆటోమేటిక్ తీసెయ్యాలె. బ్రేక్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద బటన్ పెట్టండి. నచ్చనోళ్ళు నొక్కి పోతరు. నొక్కకుంటే మాది నడుస్తది. ఇంకోటి, ఏ యాడ్‌ల ఎక్కడ నొక్కుతున్నరో ప్రతి సోమవారం నాకు రిపోర్ట్ కావాలె. పేర్లొద్దు, ఊర్లొద్దు."

"అందరూ నొక్కేస్తారండీ" అన్నాను. దాచి లాభం లేదనిపించింది.

"నొక్కనియ్యి. ఇప్పుడు మీ మిషన్ నొక్కుతున్నది. అప్పుడు మనుషులు నొక్కుతరు. మనుషులతోటైతే నేను మాట్లాడగలుగుత."

మార్క్‌కి ఇది రుచించలేదు. ఆటోమేటిక్ అనే మాట మీదే అమ్మకాలు జరుగుతున్నాయని గునిశాడు. కానీ సీరియల్ ఫోన్లు అతన్ని బాగా విసిగించాయి కాబట్టి ఒప్పుకున్నాడు. హైదరాబాదు వాళ్ళని ఆవిడ ఎలా ఒప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు. క్యూ మా చేతికొచ్చింది. అత్త మళ్ళీ హాయిగా కొట్టింది.

నేను చెప్పినట్టే మొదటి వారం దాదాపు అందరూ నొక్కారు. రెండోవారం ఇంకా త్వరగా నొక్కారు. బటన్ ఎప్పుడొస్తుందా అని వేలు రిమోట్ మీద పెట్టుకుని కూర్చున్నట్టున్నారు. ఆ రిపోర్టు పంపాలంటే నాకే చేతులాడేవి కావు. సుభద్రగారు మాత్రం ఒక్కసారి కూడా, ఎందుకిలా నొక్కుతున్నారని వాపోలేదు. ఏ క్షణంలో నొక్కుతున్నారని మాత్రమే అడిగేవారు. షాపు పేరుతో పాట మొదలైనప్పుడా? ఫోన్ నంబరు మూడోసారి చదివినప్పుడా? నేను ఆ క్షణం దగ్గర బొమ్మ ఆపి చూపిస్తే, తన సొంత ప్రకటనే అయినా, "నిజమే, నేనైనా గీడ నొక్కుత" అనేవారు. తను చేసిన పనిని అంత నిర్మొహమాటంగా చూసుకున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. నా కోడ్‌లో ఎవరైనా తప్పు చూపిస్తే నేను రెండు రోజులు మాట్లాడను.

ఇంతలో మామిడిపళ్ళ రోజులొచ్చాయి. ఇండియా నుంచి విమానంలో వచ్చే బంగినపల్లి పెట్టెల కోసం ఇక్కడ తెలుగువాళ్ళు ఎంత వెర్రెత్తిపోతారో చెప్పనక్కర్లేదు. వాట్సాప్ గ్రూపుల్లో వీసా కబుర్లు కూడా పక్కకి పోతాయి. ఓక్ ట్రీ రోడ్డులో కిరాణా షాపు నడిపే రావుగారి ప్రకటనలో కాయ కోసే షాట్ ఒకటుంది. ఆ వారం రిపోర్టులో నాకొక వింత కనపడింది. జనం ఆ కాయ కోసేదాకా ఆగుతున్నారు. లోపలి రంగు చూస్తున్నారు. పాట మొదలవగానే నొక్కేస్తున్నారు.

సుభద్రగారికి చూపించాను. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి తిప్పి చూశారు.

"వీళ్ళకు యాడ్ వద్దని కాదు మాధవీ. కాయ ఎట్లున్నదో కావాలె. మనమేమో పాట పాడుతున్నం."

ఆ శనివారం పొద్దున రావుగారి షాపులో కొత్త ప్రకటన తీస్తున్నారంటే నేనూ వెళ్ళాను. మా ఇంటికి దగ్గరే. రావుగారు తెనాలి మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నారు. నవీన్ కెమెరా పట్టుకున్నాడు. ఆరోజే తెరిచిన పెట్టెలోంచి ఒక కాయ తీసి, కోసి, ముక్క నోట్లో వేసుకోవాలి. అంతే. పాట లేదు.

రావుగారు ముక్క నోట్లో పెట్టుకోగానే మొహం మారింది. పుల్లగా ఉంది. ఇంకో కాయ కోశారు. అదీ అంతే. మూడో పెట్టె తెరవబోతుంటే సుభద్రగారు ఆపారు.

"ఇట్లనే చెప్పుండ్రి రావుగారూ. పుల్లగున్నదని."

రావుగారు కత్తి కింద పెట్టారు. "ఏమ్మా, నా షాపు మూయించడానికొచ్చావా? ఇది విమానంలో వచ్చిన సరుకు, వెనక్కి పంపేది కాదు. బాలేదని నేనే టీవీలో చెబితే పెట్టెలన్నీ నా నెత్తినే ఉంటాయి."

"నిన్న పట్కపోయినోళ్ళు ఉన్నరా?"

"ఎందుకు లేరు. చాలామందే తీసుకెళ్ళారు."

"వాళ్ళు ఇయ్యాల కోసుకుంటరు. సాయంత్రానికి అన్ని గ్రూపులల్ల వస్తది. మీరు చెప్పకుంటే వాళ్ళు చెప్తరు. మీరే ముందు చెప్తే రేపు మంచి లాట్ వచ్చినప్పుడు మీ మాట నమ్ముతరు."

రావుగారు కోసిన ముక్కలు ఒక పక్కకి నెట్టి, మిగిలిన పెట్టెల వంక చూశారు. ఆయన నష్టం ఆయనది, మాదేం పోయింది. నాకు మధ్యలో దూరి, పోనీలెండి ఇంకో కాయ కోద్దాం అనాలనిపించింది. సుభద్రగారి మొహంలో కూడా బెరుకు కనపడింది. ఉన్న ఒక్క మంచి ప్రకటనదారుడూ పోతే ఆవిడ విభాగం ఆ రోజే మూసుకోవాలి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"కెమెరా ఆన్ చెయ్యి బాబూ" అన్నారు రావుగారు. తర్వాత కెమెరా వంక చూసి, పక్కింటివాళ్ళతో చెప్పినట్టు చెప్పారు. "ఈ లాట్ బంగినపల్లి పులుపుంది. నేనే తిని చెబుతున్నా. పప్పులోకైతే పట్టుకెళ్ళండి, పండుగా తినడానికైతే వద్దు. శుక్రవారం కొత్త లాట్ వస్తుంది. అప్పుడూ ఇలాగే కోసి చూపిస్తా."

సోమవారం రిపోర్టు చూసి నేను నా లెక్కలోనే తప్పుందనుకున్నాను. స్కిప్ బటన్ తెర మీద అలా ఉండిపోయింది. ఎక్కువమంది దాన్ని ముట్టుకోలేదు. అలవాటుగా నొక్కేసినవాళ్ళలో కూడా చాలామంది వెనక్కొచ్చి చూశారు. ప్రకటన కోసం వెనక్కి రావడమనేది మా వృత్తిలో ఎవరూ ఊహించనిది. దాన్ని కొలిచే ఏర్పాటు కూడా నేను చెయ్యలేదు, ఆరోజే కూర్చుని రాసుకోవలసి వచ్చింది. శుక్రవారం రావుగారి షాపు ముందు లైను పార్కింగ్ దాకా వచ్చింది. పుల్ల కాయలు కూడా పప్పులోకి పోయాయని తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పారు.

ఆ తర్వాత ఆ ఒక్క నిమిషం ప్రకటన, మేం రావుగారి నిమిషం అనుకునేది, వారానికి రెండుసార్లు మారేది. గోంగూర లేతగా ఉందా ముదిరిందా, దొండకాయలు వచ్చాయా రాలేదా, అంతే. ఒక లాయరుగారిని కూడా సుభద్రగారు పట్టుకుని, "ఈ నెల వీసా బులెటిన్‌ల గ్రీన్ కార్డ్ లైన్ ఎక్కడిదాక వచ్చిందో చెప్పుండ్రి, మీ గొప్పలొద్దు" అని కూర్చోబెట్టారు. అదీ కొంతమంది ఆగి చూశారు. నగల షాపాయన మాత్రం తిరిగి రాలేదు. తన పాట తీసేస్తే ఒప్పుకోనన్నాడు.

సెప్టెంబరులో హైదరాబాదు వాళ్ళతో వీడియో కాల్. రిపోర్టులు నావి కాబట్టి సుభద్రగారు నన్నూ తమ ఆఫీసుకి పిలిచారు. అటువైపు నుంచి ఒక వైస్ ప్రెసిడెంటు సూటిగా అడిగాడు.

"బటన్ పెట్టాక మొత్తం మీద జనం స్కిప్ చేస్తున్నారా, లేదా?"

సుభద్రగారు నా వంక చూశారు. అబద్ధం చెప్పమని కాదు. నిజం చెప్పమనే. "చేస్తున్నారండీ, చాలా ప్రకటనలని దాదాపు అందరూ దాటేస్తున్నారు. రావుగారి నిమిషం మాత్రం దాటెయ్యడం లేదు. లాయరుగారిది సగం సగం" అన్నాను.

"అంటే ఒక్క నిమిషం కోసం నలుగురిని ఉంచాలా?"

నవీన్ పక్క గదిలో ఎడిటింగ్ చేస్తున్నాడు. గాజు తలుపులోంచి కనపడుతున్నాడు.

"అవును సర్, ఒక్క నిమిషమే" అన్నారు సుభద్రగారు. "అందుకే బ్రేక్ సగానికి తగ్గియ్యమంటున్న. జనం దాటేసే యాడ్స్ నేనే తీసేస్త. మిగిలినవి చూస్తరని రాసిస్త, రేటు ఎక్కువ అడుగుత. ఇచ్చేటోళ్ళు ఇద్దరున్నరు, కాయితం మీద సంతకం పెట్టిండ్రు. ఇంకో ఏడాది ఇయ్యండి. కాకపోతే నేనే మూస్త, మీరు చెప్పే పని లేదు."

అటువైపు మ్యూట్ చేసుకున్నారు. మళ్ళీ గొంతు వినపడినప్పుడు, సరే ఏడాది చూద్దాం అన్నాడాయన. సుభద్రగారు థాంక్యూ చెప్పి ల్యాప్‌టాప్ మూసి, లేచి పక్క గదిలోకి వెళ్ళారు. ఆవిడేం చెప్పారో నాకు వినపడలేదు. నవీన్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

తర్వాత పార్కింగ్‌లో నడుస్తూ ఆవిడని అడిగాను. "ఆ మామిడికాయ నిమిషాన్ని కూడా జనం దాటేసి ఉంటే ఏం చేసేవారు?"

"దాటేస్తే దాటేస్తుండ్రి. మూసేసేటోళ్ళం. నవీన్‌కు నేనే ఊరంతా తిరిగి జాబ్ వెతికేదాన్ని. చూడబుద్ధి కానిదాన్ని తలుపు గడియబెట్టి చూపెడ్తే ఎన్ని దినాలు బతుకుతం?"

మా వృత్తిలో స్కిప్‌ని ఆపడానికి చానళ్ళు చేసినవన్నీ చదివాను. కోర్టులు, రాజీలు, ప్రకటనని కథలో కలిపేసి యంత్రాన్ని ఏమార్చే ఎత్తులు. అన్నిటిలోనూ చూసేవాడిని గదిలో పెట్టి తాళం వెయ్యడమే ఉంది. నేను చేసినదీ గొప్పేం కాదు, అతని బదులు నేనే తలుపు తీసేశాను. అతనికేం కావాలో నేనూ అడగలేదు. తాళం అతని చేతికే ఇచ్చి, వెళ్ళిపోతాడని తెలిసీ ఎదురుగా నిలబడి మాట్లాడింది ఆవిడొక్కరే. ఇప్పుడు ఏ కొత్త సౌకర్యం రాయమన్నా ముందు నేను ఒకటే అడుగుతాను: ఇది వద్దనుకున్నవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చా? వెళ్ళిపోవచ్చంటేనే రాస్తాను.